సైకిలుకు సొమ్ములు

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాదు పొలిమేర దాటి వికారాబాదు దారి పట్టినవారికి ఒక వింత దృశ్యం కనిపిస్తూ ఉంటుంది. రోడ్డు పక్క ఇడ్లీ కొట్టు గోడకు పది పన్నెండు సైకిళ్ళు ఆనించి ఉంటాయి. ఒక్కదానికీ స్టాండు లేదు, క్యారియరు లేదు, మడ్‌గార్డు లేదు. టైర్లు రెండు వేళ్ళ వెడల్పు కూడా ఉండవు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లాగా ముందుకు సాగి కిందికి మెలి తిరిగి ఉంటుంది. ఒంటి చేత్తో ఎత్తితే బండి మంచినీళ్ళ కూజాలాగా లేస్తుంది.

వాటి సొంతదార్లు బెంచీల మీద కూర్చుని ఇడ్లీలు తింటూ ఉంటారు. ఒకాయన బ్యాంకు ఆఫీసరు. ఒకాయన పళ్ళ డాక్టరు. ఒకామె సాఫ్టువేరు ఉద్యోగిని. ఒక పెద్దాయన రిటైరయిన ఇంజనీరు. వీరి సంభాషణ ఈ తీరుగా సాగుతూ ఉంటుంది.

"మీ వెనక గేర్లలో పెద్దదానికి పళ్ళు ఎన్నండీ?"

"ముప్ఫై రెండు. ముప్ఫై నాలుగు వేయిద్దామనుకుంటున్నాను."

"చక్రాలు మార్చారటగా! ఎంత తగ్గింది?"

"మూడు వందల యాభై గ్రాములు."

పక్క బెంచీ మీద టీ తాగుతున్న లారీ డ్రైవరు వీరిని బంగారం వర్తకులనుకుంటే ఆ తప్పు అతనిది కాదు. గ్రాముల లెక్క అంత పట్టింపుగా మాట్లాడేది కంసాలి కొట్టులోనే గదా!

ఈ రోడ్డు సైకిళ్ళు ముప్ఫై నలభై వేలకు మొదలవుతాయి. పది లక్షలు దాటినవి కూడా మన దేశంలో అమ్ముడవుతున్నవి. బండి కొనడంతో ఖర్చు తీరిపోతుందా అంటే, తీరదు. ఆరు నెలలకు సీటు మారుతుంది. ఏడాదికి చక్రాలు మారుతాయి. ఆపైన గేర్ల సరంజామా మొత్తం మారుతుంది. ఇంట్లో ఇల్లాలు, "ఏమండీ, ఉన్న చక్రాలు కూడా గుండ్రంగానే ఉన్నాయి కదా!" అంటుంది. అది ఎగతాళిగా అన్నమాటే అయినా, అందులో న్యాయమైన ప్రశ్న ఒకటి ఉన్నది. ఈ కొత్త భాగం వల్ల ఒరిగేదేమిటి? అది కాలికి బలమా, కంటికి సింగారమా? దీనికి సమాధానం కావాలంటే సైకిలు పుట్టు పూర్వోత్తరాలు కాస్త తిరగవేయాలి.

మనకు కొత్త కాదు

సైకిలుకు సొమ్ములు పెట్టడం మన ఇళ్ళకు కొత్తేమీ కాదు. రాలీ, హెర్క్యులిస్, అట్లాస్ బండ్లు ఇంటింటా వరండాలో నిలిచిన రోజుల్లో, కొత్త బండి షాపునుంచి వచ్చిందంటే దానికి పెళ్ళికూతురు ముస్తాబు జరిగేది. ముందు డైనమో లైటు. తరువాత సీటుకు కుచ్చుల తొడుగు. చక్రం ఇరుసుకు రంగురంగుల బ్రష్షు. చక్రం తిరుగుతూ ఉంటే అది హబ్బును తుడిచి తళతళలాడించేది. హ్యాండిలు పిడులకు ప్లాస్టిక్కు జూలు. వెనక మడ్‌గార్డుకు రబ్బరు రెక్క, దాని మీద ఇలవేలుపు పేరు.

వీటిలో డైనమోకు నిజమైన ప్రయోజనం ఉన్నది. చీకట్లో గతుకు కనబడేది. ఎదుటి బండివాడికి మనం కనబడేవాళ్ళం. సీటు తొడుగు కుచ్చులకు ఎలాంటి ప్రయోజనమూ లేదు. కాని రెంటికీ ఒకే ఉత్సాహంతో డబ్బు పెట్టేవాళ్ళం. ఇవాళ కార్బను చక్రాల గురించి తర్జనభర్జన పడే కుర్రవాడు ఆ కుచ్చులు కట్టిన తాతగారి మనవడే. తేడా వస్తువులో ఉన్నదేగాని మనసులో లేదు. డైనమో ఏది, కుచ్చు ఏది అని వేరుచేసి చూడగలగడమే ఇందులో ఉన్న వివేకమంతా.

కొడుకు బండికి తండ్రి చేసిన టైరు

సైకిలు చరిత్రలో పెద్ద మార్పులన్నీ ఎవరికో ఒకరికి కలిగిన ఇబ్బందిలోంచి వచ్చినవే. మొదటిది గాలి టైరు. 1888 ప్రాంతంలో ఐర్లండులోని బెల్ఫాస్టు పట్టణంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు ఉండేవాడు. ఆయన కొడుకుకు ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. ఆనాటి టైర్లు గట్టి రబ్బరువి. రాళ్ళు పరచిన వీధుల్లో ఆ బండి తొక్కితే ఎముకలు కదిలిపోయేవి. డన్‌లప్ రబ్బరు గొట్టం చేసి, గాలి నింపి, దాన్ని గుడ్డతో చక్రానికి చుట్టి కొడుకు బండికి బిగించాడు. ఆ సంవత్సరమే దానికి పేటెంటు తీసుకున్నాడు.

1889లో విల్లీ హ్యూమ్ అనే పందెగాడు ఈ టైర్లతో బెల్ఫాస్టు పందేలలో దిగినప్పుడు, ఆ లావుపాటి టైర్లు చూసి జనం నవ్వారు. పందేలు అతనే గెలిచాడు. నవ్వు ఆగిపోయింది. 1891లో ఫ్రాన్సులో పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్ళి తిరిగి రావడానికి, సుమారు 1200 కిలోమీటర్ల మహాపందెం పెట్టారు. దాన్ని షార్ల్ తెరోఁ అనే ఆయన నిద్రలేకుండా 71 గంటల పైచిలుకులో ముగించి గెలిచాడు. ఆయన బండికి ఉన్నవి మిషెలిన్ సోదరుల టైర్లు. పంక్చరు పడితే దారిలోనే విప్పి బాగుచేసుకునే వీలు వాటి ప్రత్యేకత.

ఈ కథలో ఒక విశేషం గమనించండి. డన్‌లప్ పందెం గెలవడానికి టైరు చేయలేదు. పిల్లవాడి ఒళ్ళు నొప్పి పెట్టకుండా ఉండాలని చేశాడు. వేగం దానివెంట వచ్చింది.

కొండ దగ్గర ఇద్దరు

ఇక రెండవ పెద్ద మార్పు గేరు. దీని వెనక ముప్ఫై అయిదేళ్ళ తగవు ఉన్నది.

ఫ్రాన్సులో సెంట్ ఎతియెన్ అనే ఊరిలో పాల్ ద వివీ అనే పట్టు వర్తకుడు ఉండేవాడు. సైకిలు మీద మోజుతో పట్టు వ్యాపారం మానుకుని సైకిళ్ళ కొట్టు పెట్టాడు. 1887లో సైకిలు కోసం ఒక పత్రికే ప్రారంభించి, 'వెలోసియో' అనే కలం పేరుతో రాసేవాడు. ఆ ఊరి చుట్టూ కొండలు. ఒకే పళ్ళ చక్రం ఉన్న బండితో కొండ ఎక్కడం ప్రాణసంకటం, దిగి తోసుకుపోవలసిందే. కొండకు ఒక పళ్ళ చక్రం, మైదానానికి మరొకటి ఎందుకు ఉండకూడదని వెలోసియో రకరకాల గేర్లు తయారుచేసి, తన శరీరం మీదనే పరీక్షలు చేసుకున్నాడు.

దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు ఆన్రీ దెగ్రాంజ్. 1903లో ప్రారంభమైన 'టూర్ ద ఫ్రాన్స్' పందేనికి అధిపతి ఆయనే, పత్రికాధిపతి కూడాను. గేర్లు నలభై అయిదు దాటినవారికి మాత్రమే పనికివస్తాయని, కండబలంతో గెలవడమే గెలుపని, యంత్రం మాయతో గెలవడం మగతనం కాదని ఆయన వాదం. 1902లో ఫ్రెంచి టూరింగ్ క్లబ్బువారు కొండదారిలో ఈ బండ్లకు పరీక్ష పెట్టారు. మార్త్ ఎస్ అనే యువతి మూడు గేర్ల బండి మీద, ఎక్కడా నేలకు కాలు ఆనించకుండా ఆ దారి పూర్తిచేసిందని సైకిలు లోకం ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. అయినా దెగ్రాంజ్ మనసు కరగలేదు.

ఆయన పందెంలో పాల్గొనేవారి అవస్థ వినండి. వెనక చక్రానికి రెండు వైపులా ఒక్కొక్క పళ్ళ చక్రం ఉండేది. కొండ మొదట్లో బండి దిగి, చక్రం నట్టులు విప్పి, చక్రాన్ని తిరగేసి బిగించుకుని, మళ్ళీ ఎక్కేవారు. శిఖరం చేరాక మళ్ళీ అదే తంతు. చివరకు 1937లో గాని టూర్‌లో గేరు మార్చే యంత్రానికి అందరికీ అనుమతి రాలేదు. ఆ ఏటి విజేత రోజే లాపెబీ బండికి అది ఉన్నది.

గేరు చేసే పని ఏమిటో అంకెలలో చూస్తే ఈ తగవులోని సారం బోధపడుతుంది. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్న మన పాత బండి అనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి 5 మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. ఎత్తయినా అంతే, పల్లమైనా అంతే. ఇవాళ్టి రోడ్డు సైకిలుకు ముందు 50, 34 పళ్ళవి రెండు, వెనక 11 మొదలు 32 దాకా ఒక గుత్తి ఉన్నవనుకోండి. అన్నిటికన్న తేలిక గేరులో ఒక చుట్టుకు 2 మీటర్ల చిల్లర మాత్రమే పోతుంది. అన్నిటికన్న బరువు గేరులో 9 మీటర్లు దాటుతుంది. కండ బలిసిన పాతికేళ్ళ కుర్రవాడికి ఆ 9 మీటర్ల గేరు సంతోషం. మోకాళ్ళ నొప్పులున్న యాభై అయిదేళ్ళ మనిషికి ఆ 2 మీటర్ల గేరు వరం. అది లేకపోతే ఆయనకు అనంతగిరి కొండ లేదు. ఆదివారం ఉదయం లేదు.

ఇదీ అసలు కిటుకు. దెగ్రాంజ్ గేరును బలవంతుడి గెలుపుకు కొలబద్దతో చూశాడు. వెలోసియో దాన్ని బలం లేనివాడు ఎక్కే కొండతో కొలిచాడు. సైకిలు మీద వెళ్ళేవారికి ఆయన కొన్ని నియమాలు కూడా పెట్టాడు: ఆకలి కాకముందే తినండి, దాహం వేయకముందే తాగండి, బొత్తిగా అలిసిపోయేదాకా తొక్కకండి. వాటిలో ఒకటి, డాబు కోసం ఎన్నడూ తొక్కవద్దని. భాగాలు కొనేవారికి ఇంతకు మించిన హితవు మరొకరు చెప్పలేదనుకుంటాను.

గడ్డకట్టిన వేళ్ళు, సకాయ్ కమ్మరులు

గేర్లు అనగానే సైకిలు ప్రియులు ఇప్పటికీ చేతులు జోడించే పేరు ఇటలీవాడైన తుల్లియో కంపాగ్నోలో. 1927 నవంబరులో క్రోచె దౌనె అనే కనుమ మీద మంచులో పందెం జరుగుతూ ఉండగా, చక్రం విప్పబోతే చలికి వేళ్ళు కొంకర్లుపోయి నట్టు తిరగలేదనీ, ఆ బాధలోంచే ఒక్క మీటతో చక్రం ఊడివచ్చే ఏర్పాటు ఆయనకు తట్టిందనీ ప్రసిద్ధ కథ. వివరాలు సరిపోలడం లేదని కొందరు చరిత్రకారులు పెదవి విరుస్తారు. కథ సంగతి ఎలా ఉన్నా మీట మాత్రం నిజం. 1933లో విచెంజా పట్టణంలో ఆయన కార్ఖానా వెలిసింది. పానా అక్కరలేకుండా చక్రం విప్పే ఆ మీట లోకంలోని లక్షలాది సైకిళ్ళ ఇరుసులకు ఎక్కింది.

ఇటలీకి పోటీగా నిలిచింది జపాను. ఒసాకా దగ్గర సకాయ్ అనే ఊరు పూర్వం తుపాకులకూ కత్తులకూ పేరుపడ్డ కమ్మరుల ఊరు. ఇనుముతో పుట్టి పెరిగిన చేతులు తరువాత సైకిలు భాగాలు చేయడం మొదలుపెట్టినవి. అక్కడ 1921లో షొజబురో షిమానో చిన్న కార్ఖానా పెట్టి, మొట్టమొదట ఫ్రీవీలు తయారుచేశాడు. ఇవాళ మన ఇడ్లీ కొట్టు గోడకు ఆనించిన సైకిళ్ళలో చాలావాటికి ఆ పేరే కనిపిస్తుంది.

1984లో ఆ కంపెనీ తెచ్చిన మార్పు మన సంగీతం తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది. అంతవరకు గేరు మీట వయొలిను వంటిది. మెట్లు ఉండవు. చెవితోనూ వేలితోనూ స్థానం వెతుక్కోవాలి. కాస్త తప్పితే చైను గరగరలాడుతుంది. ఆ సంవత్సరం మీటకు వీణకు లాగా మెట్లు పెట్టారు. ఒక్క 'టిక్కు'కు ఒక్క గేరు. నేర్పు లేనివాడికి కూడా అపస్వరం పలకదు. 1990లో ఆ మీటలను బ్రేకు పిడులలోనే కలిపారు. అంతకుముందు గేరు మార్చాలంటే హ్యాండిలు మీద నుంచి చెయ్యి తీసి, కింది కడ్డీ మీది మీట దాకా వంగాలి. పక్కనుంచి బస్సు పోతూ ఉండగా ఒంటి చేత్తో బండి నడపవలసిన ఆ గండం తప్పింది. 2009లో తీగ లాగే పని కూడా పోయి, బ్యాటరీతో నడిచే గేర్లు వచ్చినవి.

ఈ మూడింటిలో మొదటి రెండూ డైనమో జాతివి. మూడవది సుఖమే, వేళ్ళ పట్టు తగ్గినవారికి అవసరం కూడా కావచ్చు. కాని దానికి పెట్టే డబ్బుతో మంచి బండి మరొకటి వస్తుందా అని ఒకసారి ఆలోచించుకోవడంలో తప్పులేదు.

మనిషి ఎంత? బండి ఎంత?

"ఇన్ని మాటలెందుకండీ? మంచి బండికి వేగం వస్తుందా, రాదా?" అని అడగవచ్చు. వస్తుంది. ఎంత వస్తుందో చెప్పే లెక్క ఒకటి సైకిలు చరిత్రలో స్పష్టంగా రికార్డయి ఉన్నది.

గంటసేపట్లో ఎంత దూరం తొక్కగలరనేది ఒక పరీక్ష. 1972లో బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో నగరంలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. ఇంగ్లీషువాడు క్రిస్ బోర్డ్‌మన్ 1996లో మాంచెస్టరులో, ప్రత్యేకమైన బండి మీద, చేతులు ముందుకు చాచి ఎగిరే గరుత్మంతుడిలాగా వంగి 56.375 కిలోమీటర్లు తొక్కాడు. ఆపైన అంతర్జాతీయ సైకిలు సంఘంవారు, మెర్క్స్ వాడినటువంటి బండే వాడాలని నియమం పెట్టారు. 2000లో అదే బోర్డ్‌మన్, అదే మాంచెస్టరులో, మామూలు బండి మీద మళ్ళీ ప్రయత్నించాడు. వచ్చింది 49.441 కిలోమీటర్లు. మెర్క్స్ కంటే సరిగ్గా పది మీటర్లు ఎక్కువ!

మనిషి ఒక్కడే. ఊరూ ఒక్కటే. నాలుగేళ్ళ వయసు మీదపడిన మాట నిజమే అయినా, ఏడు కిలోమీటర్ల తేడాలో సింహభాగం బండిదీ, దాని మీద కూర్చున్న భంగిమదీ. కనుక యంత్రంతో ఏమీ లేదనే పెద్దలు కూడా పొరబడ్డట్టే.

అయితే ఇక్కడ మరొక మెలిక ఉన్నది. ఆ తేడా తెచ్చింది బంగారు ధరకు కొన్న భాగాలు కావు. ముఖ్యంగా గాలిని చీల్చే భంగిమ. 1993లో స్కాట్లండువాడు గ్రేం ఓబ్రీ నార్వేలోని హామర్‌లో 51.596 కిలోమీటర్లు తొక్కి, అప్పటి రికార్డు బద్దలుకొట్టాడు. ఆయన బండి సొంతంగా చేసుకున్నది. అందులో బట్టలుతికే యంత్రంలోంచి తీసిన బేరింగులు ఉన్నాయంటే నమ్మండి. చేతులు రొమ్ము కిందికి ముడుచుకుని గాలికి అడ్డం తగ్గించుకోవడమే ఆయన కనిపెట్టిన ఉపాయం. ఆరు రోజులలోనే బోర్డ్‌మన్ ఆ రికార్డును దాటాడనుకోండి. అయినా ఓబ్రీ చేసిన రుజువు మాత్రం చెక్కుచెదరలేదు.

గ్రాముల లెక్క

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో చదునైన రోడ్డు మీద పోతున్నప్పుడు, కాళ్ళు పెట్టే శ్రమలో ముప్పాతిక వంతు గాలిని తోసుకుపోవడానికే సరిపోతుంది. ఆ గాలికి ఎక్కువ అడ్డం తగిలేది బండి కాదు, మనిషి ఒళ్ళు. మోచేతులు కాస్త మడిచి ముందుకు వంగితే ఉచితంగా కలిసివచ్చే లాభం, లక్ష రూపాయల చక్రాలతో కూడా రావడం కష్టం.

మరి బరువు? కొండ ఎక్కేటప్పుడు బరువు లెక్కకు వస్తుంది. 75 కిలోల మనిషి, 9 కిలోల బండి కలిపి 84 కిలోలు. బండిలో ఒక కిలో తగ్గించారనుకుందాం. 84లో ఒక వంతు. అరగంట పట్టే కొండ మీద మిగిలేది దాదాపు 20 సెకండ్లు. ఆ ఒక కిలో తగ్గించడానికి కొన్ని బండ్ల విషయంలో లక్ష రూపాయలు కూడా చాలవు. అదే కిలో మనిషి ఒంట్లో తగ్గినా కొండకు తేడా తెలియదు. రెండో ప్లేటు పెసరట్టు ఉప్మా మానుకుంటే ఆ భాగ్యం మెల్లగా తనంతటదే సిద్ధిస్తుంది. ఖర్చు లేకపోగా మిగులు! అసలు పందేల బండ్లకే 6.8 కిలోలకు తగ్గరాదని 2000 నుంచి అంతర్జాతీయ సంఘం నియమం ఉన్నది. ఆ పందేలలో దిగని మనం అంతకు దిగజార్చాలని తహతహలాడడం ఎందుకో!

టైరు సంగతి ఇందుకు విరుద్ధం. మంచి మెత్తని అల్లిక గల టైరుకూ, మొద్దు టైరుకూ మధ్య ఇదే వేగంలో 10, 15 వాట్ల శ్రమ తేడా రావడం కద్దు. ఆ వేగంలో మామూలు మనిషి పెట్టే శ్రమ మొత్తం 150, 160 వాట్లు అని గుర్తుంచుకుంటే ఇది ఎంతటిదో తెలుస్తుంది. మూడు నాలుగు వేల టైరు చేసే మేలును ముప్ఫై వేల భాగం చేయలేని సందర్భాలు ఎన్నో.

ఇక్కడే ఇంకొక తమాషా. ఇరవై ఏళ్ళ కిందట పందెగాళ్ళు 23 మిల్లీమీటర్ల సన్నటి టైర్లలో రాయిలాగా గాలి కొట్టేవారు. ఇప్పుడు వాళ్ళే 28 మిల్లీమీటర్లకు వచ్చి, గాలి తగ్గిస్తున్నారు. గతుకుల రోడ్డు మీద గట్టి టైరు గెంతుతుంది. ఆ కుదుపులో కాలి శ్రమ వృథా అవుతుంది. మెత్తని టైరు గతుకును మింగి ముందుకు పోతుంది. మన రోడ్ల సంగతి తెలిసినదే గనుక ఈ సూత్రం మనకు మరీ వర్తిస్తుంది. డన్‌లప్ కొడుకు ఒళ్ళు నొప్పి పెట్టకూడదని చేసిన ఆలోచన దగ్గరికే నూట ముప్ఫై ఏళ్ళ తరువాత పందెగాళ్ళు తిరిగి వచ్చారన్నమాట!

సన్యాసి పిల్లి

భాగాలు మార్చబోయేవారు ఎరిగి ఉండవలసిన గండం ఒకటి ఉన్నది. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని పెంచాడు. పిల్లికి పాల కోసం ఆవు, ఆవును కాయడానికి మనిషి, చివరకు సంసారం! సైకిలు గేర్లు కూడా ఇంతే. వెనక తొమ్మిది పళ్ళ చక్రాల గుత్తి తీసి పదకొండుది వేద్దామనుకుంటారు. దానికి పాత చైను పట్టదు, సన్నది కావాలి. పాత మీటలకు అన్ని మెట్లు లేవు. కొత్త మీటలు కావాలి. గేరు మార్చే యంత్రం మీటలతో పొత్తు కుదరదు, అదీ మార్చాలి. ఒక్కొక్కప్పుడు చక్రం హబ్బు కూడా సరిపడదు. అయిదు వేలతో తేలిపోతుందనుకున్నది అరలక్షకు తేలుతుంది. కనుక కొనబోయేముందు మెకానిక్కును అడగవలసిన మొదటి మాట, "ఇది మారిస్తే ఇంకేమేమి మార్చాలి?" అన్నది.

మరి ముందు వేటిమీద డబ్బు పెట్టాలి? ఒక సులువైన కొండగుర్తు ఉన్నది. బండి మన ఒంటిని తాకే చోట్లు మూడు: సీటు, హ్యాండిలు, పెడలు. బండి నేలను తాకే చోటు ఒకటి: టైరు. ముందుగా వీటికి పెట్టిన రూపాయి వృథా కాదు. సీటు ఎత్తు అర అంగుళం తప్పితే మోకాలికి తెలుస్తుంది. సరిచేయడానికి కావలసింది ఒక పానా, పది నిమిషాల ఓపిక. ఆపైన బ్రేకులు. వానలో రిమ్ము తడిసినప్పుడు బ్రేకు రబ్బర్లు జారుతాయి. తడిలో కూడా నమ్మకంగా పట్టే డిస్కు బ్రేకులు అవసరంలో పుట్టినవే. ఆపైన తలకు హెల్మెట్టు, వెనక ఎర్ర దీపం. రాష్ట్ర రహదారి మీద తెల్లవారకముందే బయలుదేరే మనిషికి కార్బను చక్రం కంటే నూరు గ్రాముల దీపం విలువైనది. దాని బరువు గురించి ఇంతవరకు ఎవరి ఇల్లాలూ ఫిర్యాదు చేయలేదు.

ఇక చైను. వారానికొకసారి గుడ్డతో తుడిచి, బొట్టు బొట్టు నూనె వేసిన పాత చైను, బురద పట్టిన కొత్త చైను కంటే మెరుగు. సాగిన చైనును సకాలంలో మారిస్తే, అంతకంటే బాగా ఖరీదైన పళ్ళ చక్రాలు పాడుకాకుండా నిలుస్తాయి. ఈ పని ఇంట్లో పిల్లలు కూడా నేర్చుకోవచ్చు. యంత్రం గుట్టు తెలిసిన పిల్లవాడు దాన్ని మార్చమని అడగడానికి ముందు బాగుచేయడానికి చూస్తాడు.

మొదట వచ్చినవాడికి బహుమతి లేదు

పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెం సంగతి పైన చెప్పుకున్నాం. అది ఇప్పుడు పందెం కాదు. నాలుగేళ్ళకొకసారి జరిగే యాత్ర. 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. 2019లోనూ 2023లోనూ మన దేశం నుంచి కూడా ఎందరో వెళ్ళారు. దానికి తర్ఫీదుగా హైదరాబాదుతో సహా దేశంలోని అనేక పట్టణాలలో 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు జరుగుతున్నవి. 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు. భోజనం, టీ, పంక్చరు, చెట్టు కింద కునుకు, అన్నీ అందులోనే. మొదట వచ్చినవాడికి బహుమతి లేదు. చివర వచ్చినవాడికి చిన్నతనం లేదు. గడువులో చేరినవారందరూ సమానమే.

ఇటువంటి యాత్రలో సైకిలు నిజస్వరూపం బయటపడుతుంది. నూట యాభయ్యో కిలోమీటరు దగ్గర నడినెత్తిన ఎండలో, చక్రాలు ఎన్ని గ్రాములని ఎవరూ అడగరు. సీటు నొప్పి పెడుతున్నదా, టైరు నిలిచిందా, ఎదుటి మిట్ట ఎక్కడానికి ఇంకొక తేలిక గేరు మిగిలి ఉన్నదా, ఇవే ప్రశ్నలు. అక్కడ పనికివచ్చినదే సొమ్ము. తక్కినది బరువు.

కనుక ఈ మోజును ఇంట్లో పెద్దలు కొట్టిపారేయనక్కరలేదు. కుర్రవాళ్ళు దాచిపెట్టనూ అక్కరలేదు. కొత్త భాగం ఇంటికి రాబోయేముందు అందరూ కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: దీనివల్ల ఇంతకుముందు తొక్కలేని కొండ తొక్కగలుగుతామా, తొక్కలేని మనిషి తొక్కగలుగుతాడా? అవునంటే ఆ డబ్బు మందుల షాపుకు పోవలసినది సైకిలు షాపుకు పోయిందనుకోండి. కాదంటే అది సీటు కుచ్చు. కుచ్చు కొనుక్కోవడం కూడా నేరమేమీ కాదు, ఇంటి ఖర్చులన్నీ తీరిన తరువాత మిగిలిన డబ్బుతో అయితే. దానికి మాత్రం డైనమో అని పేరు పెట్టకుండా ఉంటే అంతే చాలు.